గాలి మిషను తిన్న కరెంటు

మా వీధిలో అందరూ దీపం కోసం కరెంటు పెట్టించుకుంటే మా ఆయన గాలి కోసం పెట్టించాడు. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన మూడు నాలుగేళ్ల తర్వాతి మాట ఇది. సూళ్లూరుపేటలో మద్రాసు రోడ్డుకు ఆనుకునే మా ఇల్లు. లోపల రెండు గదులు, ముందు ఒక పంచ. ఆ పంచలో కూర్చుని ఆయన లారీ టైర్లకు పంచర్లు వేసేవాడు. పంచరు వేయడం ఒక ఎత్తు, దానికి గాలి కొట్టడం ఇంకో ఎత్తు. చేతిపంపుతో లారీ టైరు నింపాలంటే ఇద్దరు మగవాళ్లకు భుజాలు ఊడిపోవాలి. అందుకని మద్రాసులో పాత ఇనప సామాన్లు అమ్మే చోట ఒక గాలి మిషను చూసి, బేరమాడి, తెలిసిన లారీ మీద వేసుకొచ్చాడు.

పెద్ద ఇనప పీపా. దాని నెత్తిన ఒక మోటారు, ఒక బెల్టు. పీపాకు ఒక పక్క గుండ్రటి అద్దం, అద్దంలో ముల్లు, ఆ ముల్లు ఎక్కడిదాకా పోవచ్చో చెప్పే ఎర్రగీత. ఆయన రోడ్డు వైపు నిలబడి పని చేసుకునేవాడు కాబట్టి అద్దాన్ని కూడా రోడ్డు వైపుకే తిప్పి బిగించాడు. స్విచ్చి మాత్రం లోపలి గదిలో, మీటరు కింద, వాకిలి పక్కనే ఉండేది. బయటి నుంచి చెయ్యి చాపితే అందేది.

మిషను తిరిగితే వంటింట్లో సత్తు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకునేవి. నేను పంచలోకి పోయేదాన్ని కాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు రోడ్డు మొహాన నిలబడరు. అందుకని ఆ మిషనంతా నాకు చెవులతోనే తెలుసు. మోటారు అందుకునేటప్పుడు ఒక మూలుగు, తర్వాత డబడబమని మోత, కట్టేస్తే ఏమీ లేదు. పొద్దు వాలాక ఒకసారి బుస్సుమని గాలి పోయే చప్పుడు. అది వినపడితే పని అయిపోయిందని గుర్తు. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నేను నీళ్లు తోడి పెట్టేదాన్ని. ఆ బుస్సు ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

కరెంటు ఖర్చంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. ఇంట్లో ఒక్కటే బల్బు. దాన్ని కూడా అన్నాలు తినేటప్పుడే వెలిగించేవాడు. మీటరు అద్దంలో సన్నటి చక్రం ఒకటి తిరుగుతుంది, చూశారు కదా, దాన్ని చూపించి అనేవాడు: "మే, మనం తినకపోయినా అది తింటా ఉంటాది. దాని కడుపు చూసి మన కడుపు కట్టుకోవాల." స్విచ్చి వేసి పక్కకు పోయే మనిషి కాదు. టైరు నిండుతున్నంతసేపూ ముల్లు మీదే చూపు. ఎందుకంత చూస్తాడో అప్పుడు నాకు తెలియదు.

మూడు రోజుల జ్వరంతో ఆయన పోయాడు. పిల్లలు లేరు. నేను, మా అత్త మిగిలాము.

మాలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. పరాయి మగవాడి కంట పడదు. దాన్ని ఇద్దత్తు అంటాము. ఆయన పోయిన పదిహేను రోజులకో ఏమో, ఒక లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్రైవరుకు సంగతి తెలియదు.

"సాయిబూ! గాలి పట్టు సాయిబూ, పొద్దు పోతాంది!" అని కేకలు.

పంచలో మంచం మీద కూర్చున్న మా అత్త, "సాయిబు లేడు నాయనా, మట్టిలో కలిసిపోయినాడు" అని ఏడుపు ఎత్తుకుంది. ఆ డ్రైవరు తలగుడ్డ తీశాడట. తర్వాత మెల్లిగా అడిగాడు: "అవ్వా, మిషను ఉండాది గదా? ఎవురన్నా స్విచ్చి వేస్తే నేను పట్టుకుంటా. తడ ఊరు దాకా పోలేను ఈ టైరుతో."

నేను తలుపు చాటున ఉన్నాను. నా చెయ్యి స్విచ్చికి జానెడు దూరం. వేశాను. మిషను మూలిగి అందుకుంది. ఇంట్లో మనిషి లేచి నడిచినట్టు గిన్నెలు కదిలాయి. నాకు ఏడుపొచ్చింది, కానీ చెయ్యి తీయలేదు. డ్రైవరు టైరు నింపుకుని, మా అత్త చేతిలో డబ్బులు పెట్టిపోయాడు. పంచర్లు వేసే చెయ్యి పోయింది, గాలి మాత్రం మిగిలింది అని నాకు అప్పుడే తట్టింది.

నలభయ్యో రోజు ఫాతిహాకు మా బావ వచ్చాడు. మా ఆయనకు అన్న. కోట అనే ఊళ్లో సైకిలు అంగడి పెట్టుకున్నాడు. తిన్నాక చెయ్యి తుడుచుకుంటూ, తలుపుకేసి చూడకుండా చెప్పాడు.

"ఇద్దత్తు కాంగానే బండి కట్టుకోనొచ్చి మిషను ఎత్తకపోతా. అమ్మా నువ్వూ కోటకు వచ్చేయండి. మా ఇంట్లో ముద్దకు కొదవ లేదు."

కొదవ లేదని నాకూ తెలుసు. ఆ ముద్ద కోసం వాళ్ల మేనత్త ఒకామె, ముండమోసి వచ్చిన మనిషి, తెల్లారినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా రోటి దగ్గర ఉండటం, అందరూ తిన్నాక పెరట్లో కూర్చుని తినడం నేను చూశాను.

"ఇద్దత్తు అయ్యేదాకా ఉండనీ బావా" అన్నాను లోపలి నుంచి. "మిషను దాని కరెంటు అది సంపాదించుకుని, మా ఇద్దరికీ గంజికిస్తే మేము ఈడనే ఉంటాం. ఇయ్యలేకపోతే నువ్వే తీసకపో."

"నడిపేది ఎవురు? అమ్మా?" అని నవ్వాడు.

"నన్ను చూసి నవ్వమాక" అంది మా అత్త. "నువ్వు పుట్టినప్పుడు నీకు గాలి ఊదింది నేనే. ఊపిరి తీసుకోకుండా నీలంగా పడుండావు."

అలా నడిపాము. అత్త పంచలో మంచం మీద. నేను లోపల, వాకిటికి దుప్పటి కట్టుకుని, స్విచ్చి పక్కన. లారీ వాళ్లు పైపు తీసుకుని వాళ్ల టైరు వాళ్లే నింపుకునేవాళ్లు. అయిపోయాక అత్తకు డబ్బులు ఇచ్చి పోయేవాళ్లు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో నాకు కనపడదు. ఒకరు పోతూ ఉండగానే ఇంకొకరు వచ్చేవారు. ప్రతిసారీ వేసి కట్టేస్తుంటే, మళ్లీ వేసినప్పుడు మోటారు అందుకోలేక మూలిగి మూలిగి ఫీజు ఎగిరిపోయేది. ఫీజు తీగ కట్టడానికి మళ్లీ ఎవరినో బతిమాలాలి. అందుకని పొద్దున వేస్తే మధ్యాహ్నం దాకా కట్టేసేదాన్ని కాదు. తిరుగుతూ ఉండనీ, గాలి సిద్ధంగా ఉంటుంది అనుకున్నాను.

కాసేపు తిరిగాక మిషను బుస్సుమనేది. ఆయన ఉన్నప్పుడు సాయంత్రం వినపడిన చప్పుడే. ఇప్పుడు పూటకు పదిసార్లు, ఒక్కోసారి ఎడతెగకుండా వినపడేది. నాకు ధైర్యంగా ఉండేది. మిషను బాగుందనుకునేదాన్ని.

సైకిళ్ల వాళ్లు కూడా వచ్చేవాళ్లు. పులికాటు నుంచి చేపల గంపలు కట్టుకొచ్చే వాళ్లంతా మా పైపు పట్టుకునేవాళ్లు. వాళ్ల దగ్గర అత్త పైసా తీసుకునేది కాదు. "గాలికి డబ్బులేంది, అల్లా ఇచ్చింది గదా" అనేది. ఒకటి రెండు చేపలు పెట్టిపోతే అదే సంతోషం.

నెల తిరిగింది. మీటరు చూసే ఆయన వచ్చాడు. పెద్ద వయసు మనిషి, చేతిలో పుస్తకం, చెవి మీద పెన్సిలు. మీటరేమో లోపల, నేను లోపల. ఆయన గడప తొక్కలేదు. "అమ్మా, నీకు అంకెలొస్తాయా? చదువు, రాసుకుంటా" అన్నాడు. నాకు సంతకమూ అంకెలూ వచ్చు, అంతే. చదివాను.

"ఇంకోసారి చూడమ్మా. అది తొమ్మిదా, మూడా?"

"తొమ్మిదే నాయనా."

"లోపల బియ్యం మిల్లు గానీ పెట్టినారా ఏంది?"

ఆయన నవ్వాడు, అత్త నవ్వింది. బిల్లు వచ్చాక ఎవరూ నవ్వలేదు. మా ఆయన ఉన్నప్పుడు వచ్చేదానికి మూడింతలు. వారం లోపల కట్టకపోతే తీగ కత్తిరిస్తారు. ఆయన దాచిపెట్టిన పాత టైర్లు రెండు అమ్మి కట్టాము.

అంత కరెంటు ఎక్కడికి పోయిందో తెలియలేదు. అత్త పక్కింటి వాళ్ల మీద అనుమానపడింది, తీగ తగిలించుకున్నారేమోనని. గోడ పొడుగునా తడిమి వచ్చింది. నాకేమో బల్బు మీద అనుమానం. బల్బు ఊడదీసి గూట్లో పెట్టి కిరసనాయిలు బుడ్డి వెలిగించుకున్నాము. రెండో నెల బిల్లు ఇంకా పెరిగింది. ఈసారి కట్టడానికి ఇంట్లో ఇత్తడి సామాను పోయింది.

ఆ మాట కోటకు పాకింది. బావ వచ్చి పంచలో నిలబడి, పదిమందీ వినేటట్టు అన్నాడు. "మా తమ్ముడు నాలుగేళ్లు నడిపినాడు. ఏనాడూ కొంపలో చెంబు అమ్మలా. ఈమె రెండు నెల్లలో బిందెలు మేపింది మిషనుకు! ఇంకొక నెల ఉంటే మంచం కోళ్లు గూడా మేపుద్ది."

ఆయన పోయాక మిషను నడపడం ఏమిటో నాకు తెలియదు, అంతే నిజం. ఆ రోజు నుంచి మీటరు ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. చక్రం మీద ఒక నల్లగుర్తు ఉంటుంది, అది ఎన్నిసార్లు ముందుకొస్తుందో చూసేదాన్ని. బయట లారీ ఉన్నా, లేకపోయినా, అది ఒకే పరుగు. టైరు నింపనప్పుడు కూడా ఎందుకు పరిగెత్తుతుంది? అడగడానికి మనిషి లేడు. అత్తను అడిగితే, "మిషనుకు గూడా మనాది పట్టుకుందేమో, వాణ్ణి తలుచుకుంటా ఉండాది" అంది.

మూడో నెల మీటరాయన వచ్చినప్పుడు మిషను తిరుగుతోంది. ఆయన పంచలో నిలబడి కాసేపు చెవి పెట్టాడు.

"ఏందమ్మా ఆ బుస్సు?"

"మిషను బాగుంటే వచ్చే చప్పుడు గదా. మా ఆయన ఉన్నప్పుడు గూడా వచ్చేది."

"ఎప్పుడొచ్చేది?"

"పొద్దు గూకినాక. రోజుకొక్కసారి."

"ఇప్పుడెందుకు పొద్దస్తమానం వస్తాంది?"

ఆయన మిషను చుట్టూ తిరిగి చూసినట్టున్నాడు, అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత దుప్పటి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "అమ్మా, ముల్లు ఎర్రగీత దాటిపోయి ఉండాది. పీపా పగలకుండా పైన ఒక మూత పెట్టినారు. నిండినాక వచ్చిన గాలినంతా అది బయటికి వదిలేస్తాది. బిందె నిండినా బోరింగు కొడతానే ఉంటే ఏమైతాది? నీళ్లు మోరీలో పోతాయి. నువ్వు మూడు నెల్లుగా గాలిని మోరీలో పోస్తా ఉండావు. ఆ గాలి చేసేదానికి కరెంటు కాలిపోతాంది."

నేను స్విచ్చి కట్టేశాను. అక్కడే కూర్చున్నాను.

"మరి మా ఆయన సాయంత్రం వదిలేది ఏంది?" అన్నాను.

"కింద ఒక తిప్పు ఉండాది చూడు. మన సముద్రపు గాలిలో చెమ్మ జాస్తి. పీపాలో నీళ్లు చేరతాయి. రోజూ ఆ తిప్పు తిప్పి నీళ్లు వదలాల. దాంతో రవ్వంత గాలి గూడా పోతాది. నువ్వు విన్నది అదే అయ్యుంటాది. అది చేస్తా ఉండావా?"

చేయలేదు. మీటరాయన వెళ్లిపోయాక, రోడ్డు మీద ఎవరూ లేని సమయం చూసుకుని, దుప్పటి కప్పుకుని పంచలోకి వంగి ఆ తిప్పు తిప్పాను. ఎర్రటి తుప్పునీళ్లు వచ్చాయి. ఆగకుండా వచ్చాయి. పంచ నిండి మెట్ల మీదికి పారాయి. మూడు నెలల నీళ్లు. గాలి ఉండాల్సిన చోట సగం నీళ్లున్నాయి. సంసారం చేసినన్నాళ్లూ ఆ చప్పుడుకు నీళ్లు తోడి పెట్టాను తప్ప, అది ఏమిటని అడగలేదు. అడిగితే చెప్పేవాడే. చెప్పడం ఇష్టమున్న మనిషే.

ముల్లు చూడాలి అని తెలిసింది. ఎవరు చూడాలి? లారీ వాళ్ల చూపు వాళ్ల టైరు మీదే. అద్దం రోడ్డు వైపుంది, ఇద్దత్తు ఇంకా రెండు వారాలుంది. అత్తను చూడమన్నాను.

"నాకు నీ మొఖమే ఆనదు, ముల్లేం ఆనుద్ది?"

"గీత దగ్గరికి రాంగానే కేకెయ్యి అత్తా."

"ఏ గీత? నాకు అంతా గీతలే."

రెండు రోజులు ప్రయత్నించాము. ఒకసారి ముందే కేక వేసింది, డ్రైవరు తిట్టాడు. ఒకసారి నిద్రపోయింది. ఇక మిషను కట్టేసి, అప్పటిదాకా వచ్చిన డబ్బులు ఆ నెల బిల్లుకే పోగా, మిగిలిన రోజులు చేపల వాళ్లు జాలిపడి పెట్టిన చేపలతో, పక్కింటి వాళ్లిచ్చిన బియ్యంతో గడిపాము. లారీలు ఆగి హారను కొట్టి పోయేవి.

ఇద్దత్తు ముగిసిన రోజు తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని పంచలోకి వచ్చాను. అత్త అటుకేసి తిరిగి పడుకుంది. నేను మిషనుకు అటు పక్క, ముల్లు కనపడే చోట, రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కడికీ కనపడేటట్టు నిలబడ్డాను. స్విచ్చి నేనే వేస్తాను, ముల్లు చూస్తాను, గీత అందేలోపల కట్టేస్తాను. పీపాలో గాలి ఉండగానే మళ్లీ వేస్తే ఫీజు ఎగురుతుందని అప్పటికి తెలిసింది కాబట్టి, ఉన్న గాలంతా టైర్లకు పోయాకే మళ్లీ వేస్తాను. అప్పటిదాకా లారీ వాళ్లు ఆగాలి.

"ఏంది బూబమ్మా, గాలిని గూడా కొలిచి పోస్తావా?" అని ఒకడు.

"కొలవకే గదా నాయనా నా బిందెలు పోయింది" అన్నాను.

సైకిళ్ల వాళ్లకు ఆయన చేతిపంపు తీసి బయట పెట్టాను. ఆయన ఉన్నప్పుడు కూడా సైకిళ్లకు అదేనట, వాళ్లే చెప్పారు. మిషను పైపు మా చేతకానితనం చూసి అలవాటు చేసుకున్నారు. "కొట్టుకోండి, దీనికి పైసా అడగను" అన్నాను. కొందరు మొహం మాడ్చుకున్నారు. చేపలు రావడం మానేశాయి.

నెల తిరిగాక వచ్చిన బిల్లు, ఆయన ఉన్నప్పటి బిల్లంతే ఉంది. మీటరాయన ఈసారి కూడా గడప తొక్కలేదు. నేనే పుస్తకం అందుకుని చూసుకున్నాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని పోయాడు. సంతోషం నాకు ఆ పూటే ఉంది. మధ్యాహ్నానికి బావ వచ్చాడు.

రోడ్డు దాటుతూనే నన్ను చూశాడు. ఒక లారీ క్లీనరు పైపు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు. బావ బిల్లు చూడలేదు. చాపితే తోసేశాడు.

"బిల్లు తగ్గిందా, పెరిగిందా, నాకెందుకు? ఊరు నిన్ను చూస్తా ఉండాది. మా తమ్ముడు పెళ్లాం లారీలోళ్ల మధ్య నిలబడి ఉండాదని కోటలో నా మొఖం మీద అంటా ఉండారు."

"లోపల నిలబడినప్పుడు కరెంటు పోయింది బావా. బయట నిలబడితే ఆగింది."

"మిషనన్నా ఇయ్యి. లేదంటే మా అమ్మనన్నా పంపు. ఈ కొంపలో ఆమెను ఉండనీను."

నేను అత్తకేసి చూశాను. ఆమె ఏదో అంటుందనుకున్నాను, నవ్వించేది ఏదైనా. ఆమె మంచం కింద నుంచి రేకుపెట్టె లాగుతోంది. "నేనే పోతా ఉండా" అంది. "వీడు పంపమన్నాడని కాదు. నాలుగు నెల్లు ఈ పంచలో కూచున్నా, వాడు కొట్టే గాలి చప్పుడే అనుకుంటా. ఇప్పుడు నువ్వు నిలబడి ఉంటే వాడు లేడని ప్రతి పూటా తెలస్తాంది."

కోట బస్సు మా ఇంటి ఎదురుగానే ఆగేది. బస్సు కోసం వాళ్లిద్దరూ రోడ్డుకు అటు పక్కన చింతచెట్టు నీడన నిలబడ్డారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కిద్దామని అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో గూడూరు నుంచి సరుకు లారీ ఒకటి వచ్చి ఆగింది. పీపా ఖాళీగా ఉంది. స్విచ్చి వేశాను. ముల్లు సగానికి వచ్చేసరికి బస్సు వచ్చింది.

డ్రైవరు అరవ మనిషి. సంగతి అర్థమైందేమో, "పోయి పెద్దమ్మను ఎక్కించి రామ్మా, ముల్లు నేను చూస్తా" అన్నాడు.

చూస్తాడు. కాసేపు చూస్తాడు. తర్వాత బీడీ ముట్టించుకుంటాడు. కట్టేసి పోదామంటే, సగం నిండిన పీపా మీద మోటారు మళ్లీ అందుకోదు, ఫీజు పోతుంది, సాయంత్రం దాకా పని లేదు. ఇవన్నీ ఒక్కసారిగా నా తలలో తిరిగాయి. కాలు ఒకటి మెట్టు మీద పెట్టాను. రెండోది కదల్లేదు.

కండక్టరు రేకుపెట్టె పైకి వేశాడు. బావ ముందు ఎక్కి చెయ్యి ఇచ్చాడు. బస్సు కదిలేటప్పుడు మిషను ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని నేను కట్టేయలేదని ఆమెకు వినపడే ఉంటుంది.

ముల్లు గీత దగ్గరికి వచ్చాక కట్టేశాను. డ్రైవరు ముందు చక్రం నింపి, నన్ను చూడకుండా పైపు లాక్కుంటూ వెనక చక్రాల దగ్గరికి పోయాడు.